పొయ్యి లేని చోట మాడు వాసన

నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లందరూ మొదట అడిగే మాట ఒకటే. "తలకాయలో గడ్డ ఉండాదని ఎట్ట తెలిసిందప్పా? నొప్పి వచ్చిందా?" నొప్పి రాలేదు. వాసన వచ్చింది. ఈ మాట చెబితే సగం మంది నవ్వుతారు, మిగిలిన సగం మంది నా భార్య సుగుణ వైపు జాలిగా చూస్తారు. అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తే నయమనిపించింది. ఇలాంటి వాసన ఇంకెవరికైనా వస్తుంటే, వాళ్లు నాలాగా నెల్లాళ్లు ఇంట్లోవాళ్లతో పోట్లాడుతూ కూర్చోకుండా ముందే డాక్టరు దగ్గరికి పోతారు. అంతకు మించి ఇందులో నీతులేమీ లేవు.

మాది చిత్తూరు నుంచి పెనుమూరు పోయే దారిలో ఒక పల్లె. మా చెరకు మేమే ఆడించి, మేమే బెల్లం వండుతాం. రసం పెద్ద ఇనప పెనంలో పోసి, ఎండిన పిప్పితో మంట పెట్టి, పైకి వచ్చే తెట్టు తీస్తూ ఉడికిస్తే పాకం అవుతుంది. ఆ పాకాన్ని ఎప్పుడు దించాలన్నదే అసలు పని. తొందరపడితే బెల్లం గట్టిపడదు, ముద్దగా జారిపోతుంది. ఆలస్యమైతే నల్లబడి చేదెక్కుతుంది. చాలామంది చల్లటి నీళ్లలో చుక్క వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసుకుంటారు. నేను వాసన చూస్తాను. పాకం మాడబోయే ముందు ఒక వాసన లేస్తుంది, అటు తీపీ కాదు, ఇటు చేదూ కాదు. అది ముక్కుకు తగలగానే "దించండి" అంటాను, నలుగురూ కలిసి పెనం దించేస్తారు. ఆ మాటకు మా ఊళ్లో ఎదురు లేదు. దీన్ని గర్వంగానే చెబుతున్నాను. ఆ గర్వమే నా కొంప ముంచింది కాబట్టి దాచిపెట్టి లాభం లేదు.

నిరుడు కార్తీకంలో అది మొదటిసారి వచ్చింది. చిత్తూరు బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి పాకం మాడబోయే వాసన గుప్పుమంది. చటుక్కున లేచి నిలబడ్డాను. నోటి దాకా మాట వచ్చేసింది. చుట్టూ చూస్తే బస్సులు, ఒక అరటిపండ్ల బండి, చంకలో పిల్లతో ఒకామె. పొయ్యి లేదు, పెనం లేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడమే కష్టం. ఇదంతా నాకు ఇంతకు ముందే జరిగినట్టు అనిపించింది. ఆ బండివాడు ఇప్పుడు తువ్వాలు దులుపుతాడు అనుకున్నాను, దులిపాడు. ఆ పిల్ల ఇటు తిరిగి నన్ను చూస్తుంది అనుకున్నాను, చూసింది. గొంతులన్నీ బావి అడుగు నుంచి వస్తున్నట్టు ఎక్కడో మెత్తగా వినిపించాయి. మధ్యాహ్నపు ఎండ పసుపుబట్ట కప్పుకున్నట్టుంది. నా ముందు నుంచి పోయిన ప్రతి మనిషీ నాకు బాగా తెలిసినవాడే, పేరు ఒక్కటే గుర్తుకు రావడం లేదు. భయం వేయలేదు. నిజం చెప్పాలంటే అంత హాయి నేను నా బతుకులో ఎరగను. మా ఊరి బస్సు వచ్చింది, నిలబడింది, పోయింది. నేను ఎక్కలేదు.

ఇంటికి ఆలస్యంగా వచ్చి, బస్సు తప్పిపోయిందని చెప్పాను. అది అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత స్నానం చేస్తుంటే వచ్చింది, చేలో నీళ్లకు మడవ తిప్పుతుంటే వచ్చింది. ఎవరితోనూ అనలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, మళ్లీ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశాను కూడా. చేతిలో పార పట్టుకుని గట్టు మీద కూర్చుంటే, చెరకాకుల మీది గాలి తెలిసిన మాటే ఏదో చెబుతూ ఉండేది. సగం విని వదిలేసేవాణ్ణి.

మార్గశిరంలో పెనం ఎక్కించాం. అప్పుడు మొదలైంది అసలు గోల.

మా గానుగ దగ్గర మంట చూసేది నా బావమరిది మునిరత్నం. సుగుణ తమ్ముడు, నెమ్మదస్తుడు, చేతికి వచ్చిన పనికి వంక పెట్టడానికి ఉండదు. మొదటి వంటకే నాకు వాసన తగిలింది. "దించండి" అన్నాను.

మునిరత్నం పొయ్యి దగ్గర్నుంచి తలెత్తాడు. "బావా, పాకం ఇంకా లేతగా ఉండాది. సూడు, తీగ కూడా రాలే."

"నా ముక్కుకన్నా నీ కండ్లు ఎక్కువైనాయా? దించమంటే దించు."

దించారు. ఆ బెల్లం గట్టిపడలేదు. తర్వాతి వంటా అంతే. నా ముక్కు తప్పు చేస్తుందన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. తప్పు మంటదై ఉండాలి. మునిరత్నం పిప్పి ఎక్కువ తోస్తున్నాడని, ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటోందని నలుగురిలో నానా మాటలు అన్నాను. వాడు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత తప్పు పెనానిదే అన్నాం. అడుగు ఒకచోట పలచబడి అక్కడ మాడుతోందని తీర్మానించి, పెనాన్ని బోర్లించి, చింతపండు వేసి, ఇటుకపొడితో తోమి తోమి అద్దంలా చేశాం. ఆ తర్వాత పొయ్యి నోరు గాలి వాటానికి ఉందని పడగొట్టి, ఇంకో వైపుకు కట్టాం. తలలో ఉన్న జబ్బుకు పొయ్యి మార్చినవాళ్లు మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉండరేమో.

తేల్చింది సుగుణ. ఆ రోజు వంట లేదు, కూలోళ్లు ఎవరూ రాలేదు. మిట్టమధ్యాహ్నం నేను గానుగ దగ్గరికి పోయి, ఖాళీ పెనం ముందు నిలబడి, "దించండి, దించండి" అంటున్నానట. పెదవులు చప్పరిస్తున్నానట. ఒక చెయ్యి చొక్కా గుండీని తిప్పుతూనే ఉందట. నాకు గుర్తున్నదల్లా ఆ పసుపు ఎండ, దాని అవతల ఎక్కడో సుగుణ గొంతు.

"యో, పొయ్యిలో బూడిద సల్లగా ఉండాది. ఎవురికి చెప్తా ఉండావు నువ్వు?"

నేను తేరుకునేసరికి ఆమె నా మొహం రెండు చేతుల మధ్య పట్టుకుని ఉంది. ఏడవలేదు. అరవలేదు. ఇంట్లోకి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చి, తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరే, మీ బావ ముక్కు కాదురా, ఇంకేందో ఉండాది. రేపు తిరుపతికి పోవాల." నా మాటలకు అలిగి వెళ్లినవాడు పొద్దున్నే చొక్కా మార్చుకుని వాకిట్లో నిలబడ్డాడు.

పుష్యమాసమంతా తిరుపతి దారిలోనే గడిచిపోయింది. బస్సులో మా చుట్టూ కొండకు పోయేవాళ్లు, వాళ్ల ముచ్చట్లు. మేము మాత్రం ఆస్పత్రి దగ్గర దిగేవాళ్లం. ఆస్పత్రి అంటే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ పొడుగాటి హాలే. పేరు పిలుస్తారని ఎదురుచూడటం, పిలిచాక ఇంకో తలుపు ముందు ఎదురుచూడటం. ఫ్యాను ఏ కుర్చీకి తగులుతుందో, లోపలికి పోయిన ఫైలు ఏ కిటికీలోంచి బయటికి వస్తుందో మాకు చెప్పినవాడు నాయుడుపేట మనిషి ఒకడు. అక్కడ ఏదో ఫ్యాక్టరీలో పని. భార్యకు తలలో గడ్డకు ఆపరేషన్ అయిందట. ఆమె అతని భుజం మీద తల వాల్చి నిద్రపోతూ ఉండేది. మేము రాకముందే రెండు కుర్చీల మీద తువ్వాలు పరిచి పెట్టేవాడు.

"భయమేస్తా ఉందా అన్నా?" అని అడిగాడు ఒకరోజు.

"లేదు" అన్నాను.

"నాకేసింది. ఇంకా ఏస్తానే ఉంది. ఏస్తే ఎయ్యనీ, కూర్చుందాం" అన్నాడు. మిగతా అందరూ భయపడొద్దు అన్నవాళ్లే, అట్లా అన్నది అతనొక్కడే. అతను తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చున్నాను.

స్కానింగ్ చూసిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. చెవికి పైన, లోపలి వైపు గడ్డ ఉందనీ, వాసన తెలిసే చోటు దాని పక్కనే ఉందనీ చెప్పింది. గడ్డ ఆ చోటును కదిలించినప్పుడల్లా లేని వాసన వస్తుందట. అదీ ఫిట్సులో ఒక రకమేనట.

"నేను ఎప్పుడూ కింద పడలేదే" అన్నాను.

"అందరూ పడరండీ. కొందరు కాసేపు కలలోకి వెళ్లొస్తారు. ఆ టైములో మీకు ఎలా ఉంటుంది? భయంగానా?"

"లేదమ్మా. హాయిగా ఉంటాది. అంత హాయి ఇంకెక్కడా లేదు."

పక్కన సుగుణ ఉన్న సంగతి మర్చిపోయాను. బయటికి వచ్చాక ఆమె నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది. టీ తెచ్చిస్తే తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి అంది, "ఇన్నేండ్లు కాపురం జేసినాం. మా దగ్గర దొరకని సుఖం ఆడ దొరికిందా నీకు? ఆ డాక్టరమ్మకు చెప్పినావు, నాకు చెప్పలే." గడ్డ ఉందన్న మాటకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. బస్సు ఎక్కాక మాత్రం నా తల కిటికీ ఊచకు కొట్టుకోకుండా తన చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది.

మాఘంలో ఆపరేషన్ చేశారు. దాని గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. పడుకున్నాను, లేచాను, మధ్యలో ఎవరో నా పేరు పదేపదే అడిగారు. సుగుణ, మునిరత్నం మాత్రం ఆ హాల్లో ఆ రోజంతా ఎలా గడిపారో ఇప్పటికీ సరిగ్గా చెప్పరు. అడిగితే "ఏముండాదిలే" అంటారు. నాయుడుపేట అతను అన్నం తెచ్చి ఇద్దరిచేతా బలవంతంగా తినిపించాడని మాత్రం తెలిసింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఇంకో ముచ్చట. నున్నటి గుండు, పైన తువ్వాలు. బస్సులో పక్కసీటు పెద్దాయన నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు. "దర్శనం బాగా అయిందా నాయనా? ప్రసాదం రవ్వంత ఉంటే పెట్టు." గుండు ఎందుకో చెప్పడానికి నాకు నోరు రాలేదు. సుగుణ సంచిలో ఎవరో రోగి తాలూకు వాళ్లు ఇచ్చిన లడ్డు ముక్క ఉంటే తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లకద్దుకున్నాడు. అన్నాళ్లలో సుగుణ నవ్వడం అప్పుడే చూశాను.

గడ్డ మొత్తం రాలేదు. కొంచెం భాగం రక్తనాళాన్ని అంటుకుని ఉందని, అక్కడ చెయ్యి పెట్టకుండా వదిలేశామని చెప్పారు. తీసిన ముక్కను పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు కోసం ఫాల్గుణం దాకా కాచుకున్నాం. ఫిట్సు మాత్రల వల్ల వాసన రావడం ఆగిపోయింది. దాంతోపాటు ఆ హాయి కూడా పోయింది. పోవాల్సిందే, తెలుసు. అయినా సాయంత్రాలు గట్టు మీద కూర్చుంటే, ఎవరో రోజూ వచ్చే చుట్టం రావడం మానేసినట్టు దిగులుగా ఉండేది. ఈసారి ఆ సంగతి సుగుణకు చెప్పాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లో ప్రతి కణం లోపలా కబుర్లు మోసే ఎంజైములు ఉంటాయట. బయటి నుంచి 'పెరుగు' అని కబురు వస్తే, మొదటి ఎంజైము మేలుకుని రెండోదాన్ని తడుతుంది, అది మూడోదాన్ని తడుతుంది. అలా లోపలిదాకా కబురు పోతుంది, కణం పెరుగుతుంది. పని అయ్యాక అన్నీ మళ్లీ నిద్రపోవాలి.

"మీ గడ్డలో ఒక ఎంజైము తయారయ్యే తీరే మారిపోయిందండీ. అది నిద్రపోవడం లేదు. బయటి నుంచి ఎవరూ పిలవకపోయినా, పిలిచినట్టే పక్కదాన్ని తడుతూనే ఉంది. గడ్డ పెరగడానికి కారణం అదే."

మునిరత్నం ముందుకు వంగాడు. "అయితే దాన్ని అణచేదానికి మందుండాదా అమ్మా?"

"ఈ మార్పు ఉన్నవాళ్లకు ఉంది. అందరి గడ్డల్లోనూ ఇది ఉండదు, అందరికీ ఈ మాత్రలు పనిచేయవు. మీకు ఉంది కాబట్టి వాడి చూద్దాం. మాత్ర వెళ్లి ఆ ఎంజైము చెయ్యి పట్టుకుంటుంది, అది పక్కదాన్ని తట్టలేదు. మందు ఒంటికి ఒప్పుకుంటే గడ్డ ఆగుతుంది. ఒప్పుకోకపోతే ఇంకో దారి వెతుకుతాం. ఒక్క మాట. ఆ వాసన మళ్లీ వస్తే ఆలస్యం చేయకుండా నాకు చెప్పాలి."

ఆ చివరి మాట నాలో మేకులా దిగబడిపోయింది. అంటే ఇకమీదట నా ముక్కే నాకు కాపలా. అది ఒకసారి నన్ను మోసం చేసింది. దాన్ని నమ్మితే ఒక బాధ, నమ్మకపోతే ఇంకో బాధ.

వేసవి అంతా మాత్రలతో గడిచింది. జ్వరం వచ్చేది, ఒళ్లంతా దద్దుర్లు లేచేవి, కూడు సయించేది కాదు. జ్వరం మత్తులో పగటిపూట కలలు వచ్చేవి. ఒక కల మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మా చెరకు తోటలో జనం బారుగా నిలబడి ఉన్నారు. ఒకడు పక్కవాడి భుజం తట్టి "పెరగమన్నారంట" అంటాడు, వాడు ఇంకొకడి భుజం తట్టి అదే మాట అంటాడు. మాట పోతూనే ఉంది, చెరకు లేస్తూనే ఉంది, ఆకాశం కనబడకుండా పోయింది. నేను ఆ వరస వెంబడే వెనక్కి నడిచి నడిచి మొదటివాడి దగ్గరికి పోయాను. బక్కపలచని మనిషి. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఎవురు పెరగమన్నారప్పా నీకు?" అని అడిగాను.

వాడు కళ్లు నులుముకున్నాడు. "ఎవురూ అనలే. నాకు అట్ట వినబడింది" అన్నాడు.

వాణ్ణి చంపేయాలన్నంత కోపంతో పోయినవాణ్ణి, తిట్టలేకపోయాను. ఖాళీ పెనం ముందు నిలబడి దించండి దించండి అన్నవాణ్ణి నేను, వాణ్ణి ఏమని తిడతాను? పక్కనే కూర్చుని వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వాడు తల వాల్చాడు. లేచి చూస్తే జ్వరం దిగి ఒళ్లంతా చెమట, నా చెయ్యి సుగుణ చేతిలో ఉంది.

ఆషాఢంలో మళ్లీ స్కానింగ్. గడ్డ పెరగలేదు, రవ్వంత తగ్గింది కూడా అన్నారు. హాల్లోకి వచ్చి మునిరత్నం గోడకు తిరిగి నిలబడి ఏడ్చాడు. పోయిన ఏడు నేనన్న మాటలకు క్షమించమని వాణ్ణి అక్కడే అడిగాను. "ఊరుకో బావా, ఆ మాటలు గడ్డ అనింది, నువ్వు కాదు" అన్నాడు. అంత సులువుగా వదిలేస్తాడని అనుకోలేదు. నాయుడుపేట అతను ఆ రోజు కనిపించలేదు. ఫోన్ చేస్తే భార్య బాగుందని, ఆమే వంట చేస్తోందని చెప్పాడు.

అయితే నేను మామూలు మనిషిని కాలేదు. తాలింపు వేగినా, పక్కింట్లో చెత్త తగలబెట్టినా, చేతిలో పని ఆగిపోయేది. "సుగుణా, ఏమన్నా మాడతా ఉండాదా?" అని అడిగేవాణ్ణి. "ఆవాలయ్యా" అనేది. అప్పుడు ఊపిరి తీసుకునేవాణ్ణి. కొన్నాళ్లకు అడగటానికి నాకే సిగ్గేసి మానేశాను.

ఈ మార్గశిరంలో మళ్లీ పెనం ఎక్కించాం. దించే మాట నేను చెప్పనన్నాను. మునిరత్నం నీళ్లలో చుక్క వేసి చూస్తానన్నాడు, సుగుణ తెట్టు తీస్తానంది. నన్ను పిప్పి కుప్ప పక్కన నులకమంచం మీద కూర్చోబెట్టారు. పాకం ముదిరే వేళకు గానుగ మోటారు మొరాయించింది. మునిరత్నం, కూలోళ్లు అటు పరిగెత్తారు. సుగుణ టార్చి పట్టుకుని, మోటారు గుంతలోకి వెలుగు చూపిస్తూ అక్కడ వంగి నిలబడింది.

అప్పుడు నాకు వాసన తగిలింది. అటు తీపీ కాదు, ఇటు చేదూ కాదు.

మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. మాత్రలు పనిచేయడం మానేశాయి అనుకున్నాను. ఆ కలలోని వాడు మళ్లీ మేలుకున్నాడు. కళ్లు మూసుకుని ఆ పసుపు ఎండ కోసం, గొంతులు మెత్తబడటం కోసం కాచుకున్నాను. ఇంక వస్తుంది, ఇంక వస్తుంది. సుగుణకు ఈ మాట ఎట్లా చెప్పాలి, మళ్లీ ఆ హాల్లోకి ఆమెను ఎట్లా తీసుకుపోవాలి అనే ఆలోచనే. ఎంతసేపటికీ ఎండ ఎండలాగే చురుక్కుమంటోంది. మునిరత్నం మోటారును తిట్టే తిట్లు స్పష్టంగా వినబడుతున్నాయి. వాసన మాత్రం ముదిరింది, చేదెక్కింది.

"అయ్యో, పాకం!" అని సుగుణ కేక పెట్టింది. కళ్లు తెరిస్తే పెనం మీద నల్లటి పొగ. అందరూ పరిగెత్తి దించేసరికి బెల్లం బొగ్గులా అయిపోయింది. సుగుణ రొప్పుతూ నా ముందుకు వచ్చి నిలబడింది. మొహమంతా మసి, కోపం.

"ఈడే కూసోనుండావు గదయ్యా! ముక్కు పని జేయలేదా? ఒక్క మాట చెప్పకూడదా?"

"వాసన వచ్చింది" అన్నాను.

"వస్తే?"

"నాకొక్కడికే వచ్చిందనుకున్నా."

ఆమె కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నన్ను చూసింది, పొగలు కక్కుతున్న పెనాన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. పక్కన మంచం మీద కూలబడి, మసి చేతులతోనే నా తల దగ్గరికి తీసుకుంది.

"అందురికీ వచ్చిందయ్యా" అంది. "అందురికీ వచ్చింది."